పెనుకొండ: కుళ్ళాయి పెట్టిన రాజధాని

పెనుకొండ అంటే పెద్ద కొండ. సంస్కృతం తెలిసినవారు దీన్ని ఘనగిరి అన్నారు, పాత రాతల్లో పెనుగొండ అని ఉంటుంది. వాసవీమాత వెలసిన పశ్చిమ గోదావరి పెనుగొండ వేరు, ఇది వేరు. అనంతపురానికి దక్షిణంగా సుమారు 70 కిలోమీటర్లు వస్తే, బెంగళూరు పోయే జాతీయ రహదారికి చేరువలో, రాళ్ళు పేర్చినట్టున్న కొండ కనిపిస్తుంది. ఊరు దాని తూర్పు పాదాన ఉంటుంది. 2022 ఏప్రిల్ 4 దాకా అనంతపురం జిల్లాలో భాగమైన ఈ ఊరు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారినా నేల మారలేదు. ఎర్రమట్టి, గుండ్లు, చెనిక్కాయ చేలు, ఎండిన వంకలు, వీటన్నిటి మీదా ఏడాదిలో ఎక్కువ రోజులు నిలిచి కాసే ఎండ.

ఈ సీమకు వాన తక్కువ పడటానికి కారణం దాని ఉనికే. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీద కురిసి తేలికపడి ఇక్కడికి వస్తాయి. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరంలో కురిసి, ఇంత లోపలికి వచ్చేసరికి అలిసిపోతుంది. ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత దేశంలో ఇంత తక్కువ వాన పడే జిల్లా లేదని అనంతపురానికి పేరు. ఇలాంటి చోట విజయనగర రాజులు వేసవి విడిది కట్టుకున్నారంటే వింతగా తోచవచ్చు. కానీ హంపీ బండరాళ్ళ నడుమ, పల్లంలో ఉన్న ఊరు. పెనుకొండ వైపు వచ్చేకొద్దీ నేల బెంగళూరు పీఠభూమి దిక్కుగా ఎత్తుకు పోతుంది, సాయంకాలం కొండగాలి తిరుగుతుంది. చుట్టూ చూపు ఆనినంత దూరం కనిపించే ఎత్తైన కొండ కోటకూ పనికొచ్చింది. లేనిదల్లా నీళ్ళు. అందుకే పెనుకొండ చరిత్రను యుద్ధాలతో కాక నీళ్ళతో మొదలుపెట్టడం న్యాయం.

విజయనగరం పుట్టిన రెండు దశాబ్దాల లోపే పెనుకొండ ఆ రాజ్యంలో ముఖ్యమైన కోట అయింది. ఉత్తర ద్వారం దగ్గరి 1354 నాటి శాసనం ప్రకారం, బుక్కరాయలు ఈ సీమను తన కొడుకు వీర విరుపణ్ణ ఒడయరుకు అప్పగించాడు. కోట కట్టడం ఆ కాలపు మాటే. తరువాతి తరంలో హరిహరరాయల కొడుకు ఇంకో బుక్కరాయలు పెనుకొండలో ఉండి ఏలాడు. 1388 నాటి ఒక కన్నడ శాసనం అతని కొలువును కళ్ళకు కట్టిస్తుంది. ప్రజలు సుఖంగా ఉండాలంటే నీళ్ళుండాలని తలచి, ఆ రాకుమారుడు నిండు సభలో సింగాయభట్టు అనే జలసూత్ర నిపుణుణ్ణి పిలిచి, హెన్నె నదిని పెనుకొండకు తెమ్మని ఆజ్ఞాపించాడు. హెన్నె అంటే మన పెన్న. సింగాయభట్టు సిరువెర చెరువు దాకా కాలువ తవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని ఆ రాకుమారుడి పేరే పెట్టాడు.

రాజుల శాసనాల్లో యుద్ధాలు, దానాలు, బిరుదులు కుప్పలుగా దొరుకుతాయి. నీటి లెక్క తెలిసిన పనివాడి పేరు ఇలా రాతి మీదకు ఎక్కడం చాలా అరుదు. నేల వాలు చూసి, ఎక్కడ మలుపు తిప్పాలో, ఎక్కడ బండ కొట్టాలో లెక్క కట్టి కాలువ నడిపించినవాడికి సభలో పిలుపు అందిందంటే, ఆ కొలువుకు నేల సంగతి తెలుసునన్నమాట. పెనుకొండ సీమలో నేటికీ చెరువు నిండితే పండగే. ఆ సంతోషం వయసు కనీసం 600 ఏళ్ళు.

15వ శతాబ్ది చివరికి ఈ కోట రాజకుమారుల చెరగా మారింది. సాళువ నరసింహుడు 1491లో చనిపోతూ తన కొడుకులను సేనాని తుళువ నరసానాయకుడి చేతిలో పెట్టాడు. వారిలో ఒకణ్ణి నరసానాయకుడు పెనుకొండలో కాపలా మధ్య ఉంచి, రాజ్యం తాను నడిపాడు. ఈ సంగతి చెప్పినవాడు న్యూనిజ్, 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి. ఆ నరసానాయకుడి కొడుకే శ్రీకృష్ణదేవరాయలు. రాయలు పెనుకొండను వేసవి విడిదిగా వాడుకున్నాడని ఊరంతా చెప్పుకుంటుంది. ఆయన అప్పాజీ అని పిలిచిన మంత్రి తిమ్మరుసు కథ కూడా ఇక్కడే ముగిసిందని జనం నమ్మకం. రాయల కొడుకు మరణానికి కారకుడన్న అనుమానంతో తిమ్మరుసు కళ్ళు తీయించారని న్యూనిజ్ రాశాడు. పెనుకొండవాళ్ళు ఒక పాత కట్టడాన్ని చూపించి ఇదే తిమ్మరుసు బందిఖానా అంటారు. ఆ గోడల మధ్యే జరిగిందనడానికి ఊరి మాటే ఆధారం. అయినా 500 ఏళ్ళుగా ఒక మంత్రి కష్టాన్ని ఒక ఊరు తన కష్టంగా చెప్పుకోవడం చిన్న విషయం కాదు.

పెనుకొండను నిజంగా రాజధానిని చేసింది 1565 జనవరి 23. ఆ రోజు కృష్ణకు దక్షిణాన, దక్కన్ సుల్తానులతో జరిగిన రక్కసి తంగడి (తళ్ళికోట) యుద్ధంలో, రాజ్యాన్ని నడుపుతున్న అళియ రామరాయలు చనిపోయాడు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు నామమాత్రపు ప్రభువు సదాశివరాయలను వెంటబెట్టుకుని, ఖజానాను ఏనుగుల మీద ఎక్కించి, హంపీ విడిచి పెనుకొండ చేరాడు. ఐదు వందలకు పైగా ఏనుగులని చెబుతారు. రెండేళ్ళ తర్వాత, 1567లో, వెనిస్ వర్తకుడు చేజరే ఫెదెరీచి విజయనగరం వచ్చి ఏడు నెలలు ఉండిపోయాడు. పాడుబడిన నగరంలో ఇళ్ళు ఇంకా నిలిచే ఉన్నాయనీ, రాజు మాత్రం కొలువుతో సహా ఎనిమిది రోజుల ప్రయాణం దూరంలోని పెనుకొండ కోటకు వెళ్ళిపోయాడనీ ఆయన రాశాడు.

ఎనిమిది రోజుల ఆ దారిలో ఏమేమి తరలి వచ్చి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. రాజు వెంట లెక్కలు రాసేవాళ్ళు, వంటవాళ్ళు, శిల్పులు, కవులు వస్తారు. అలా వచ్చిన కొలువు దిగులుతో కూలబడలేదు. తిరుమలరాయలు 1570 ప్రాంతంలో పట్టాభిషేకం చేసుకుని అరవీటి వంశపు పాలన మొదలుపెట్టాడు. రామరాజభూషణుడు, అంటే మన భట్టుమూర్తి, తన వసుచరిత్రను అంకితమిచ్చింది ఈ తిరుమలరాయలకే. తెలుగు ప్రబంధాల్లో సంగీతానికి పెట్టింది పేరైన ఆ కావ్యం ఓడిన రాజ్యపు కొలువుకు చెందిందని చాలామంది పాఠకులకు తోచదు. తిరుమలరాయలు రాజ్యాన్ని ముగ్గురు కొడుకులకు పంచి చూసుకోమన్నాడు. తెలుగు సీమ పెనుకొండ నుంచి శ్రీరంగరాయలకు, కన్నడ సీమ శ్రీరంగపట్నం నుంచి రామరాయలకు, తమిళ సీమ చంద్రగిరి నుంచి వేంకటపతిరాయలకు దక్కాయి.

ఆ తర్వాత ముట్టడులు. 1576లో బీజాపూరు సేన కోటను చుట్టుముట్టి, పట్టలేక వెనుదిరిగింది. వేంకటపతిరాయలు రాజైన కొద్ది కాలానికి, 1589 ప్రాంతంలో, గోలకొండ మహమ్మద్ కులీ కుతుబ్‌షా వచ్చాడు. రెండేళ్ళకు హైదరాబాదు నగరం కట్టించబోయే కుతుబ్‌షా ఇతడే. వేంకటపతిరాయలు సంధి మాటలతో గడువు సంపాదించి, ఆ సందులో కోటలోకి తిండిగింజలు చేరవేశాడు. సామంతుడు జగదేవరాయలు బలగంతో వచ్చి నిలబడ్డాడు. వానకాలం ముంచుకొస్తే కృష్ణ దాటలేమన్న భయంతో గోలకొండ సేన తిరిగి పోయింది. పెనుకొండను కాపాడినందుకు జగదేవరాయలకు చన్నపట్నం సీమ దక్కింది. వాన లేని సీమను చివరికి ఎక్కడో పడే వాన కాపాడింది. కొన్నేళ్ళకు వేంకటపతిరాయలు కొలువును చంద్రగిరికి మార్చాడు. అంటే పెనుకొండ రాజధానిగా నిలిచింది పాతికేళ్ళకు కాస్త పైన.

ఈ పాతికేళ్ళ మీద పెద్ద పుస్తకం రాసినవాడు స్పెయిన్ దేశస్థుడు. 1888లో బార్సిలోనాలో పుట్టిన ఫాదర్ హెన్రీ హేరాస్ 1922లో బొంబాయి వచ్చి, సెయింట్ జేవియర్స్ కళాశాలలో చరిత్ర చెప్పి, 1927లో అరవీటి వంశ చరిత్రను ప్రచురించాడు. శాసనాలు, తెలుగు కావ్యాలు, పారశీక చరిత్రలు, పోర్చుగీసు ఉత్తరాలు ఒకచోట పెట్టి చదివిన ఆయన, తళ్ళికోటతో విజయనగరం కథ ముగిసిపోలేదని గట్టిగా చెప్పాడు. రాయలసీమ ఈ పరదేశి పాదిరీకి రుణపడి ఉంది.

ఊళ్ళో ఇప్పుడు చూడవలసిన మొదటి కట్టడం గగన్‌మహల్. కొండ పాదాన నిలిచిన రెండంతస్తుల మేడ ఇది. దగ్గరికి పోయి చూస్తే గోడ కథ విప్పుతుంది. లోపల రాయి, ఇటుక. పైన గానుగ సున్నపు గచ్చు. కింద కోసుగా మొనదేలిన కమానులు, కమానుల వెనుక గుమ్మటపు కప్పు ఉన్న గదులు. ఇంతవరకూ బీజాపూరులోనో బీదరులోనో ఉన్నట్టుంటుంది. తల ఎత్తితే చూరు కింద గుడి గోడల మీద కనిపించే వరుసలు, ఆ పైన మెట్లుమెట్లుగా లేచిన శిఖరం గుడి విమానాన్ని తలపిస్తుంది. కమాను సుల్తానులది, శిఖరం దేవాలయానిది. రెండూ ఒకే గోడలో అతుకు తెలియకుండా కలిసిపోయాయి. హంపీలోని కమలమహల్‌లో, చంద్రగిరి రాజమహల్‌లో ఇదే పద్ధతి ఉంది. విజయనగర రాజులు గుడి కట్టేటప్పుడు ఆగమం చెప్పినట్టు రాతితో కట్టారు, నివాసం కట్టుకునేటప్పుడు మాత్రం తమతో కత్తి దూసిన సుల్తానుల కట్టుబడిని మనసారా తెచ్చుకున్నారు.

లోకంలో ఇలాంటిది ఇంకొకటి చూడాలంటే దక్షిణ స్పెయిన్‌లోని సెవిల్ నగరానికి పోవాలి. అదీ ఎండకు పేరుపడ్డ ఊరే, వేసవిలో 40 డిగ్రీలు దాటడం అక్కడ మామూలు. ముస్లిం పాలకుల చేతుల్లోంచి ఆ నగరాన్ని 1248లో కాస్తీల్ క్రైస్తవ రాజులు గెలుచుకున్నారు. నూరేళ్ళు దాటాక, 1364లో, పెద్రో రాజు అక్కడి అల్కాసర్ కోటలో తనకోసం మేడ మొదలుపెట్టాడు. గెలిచినవాడు ఓడినవారి శైలినే కోరుకున్నాడు. గ్రనాడా పనివాళ్ళను కూడా పిలిపించాడు. ఆ మేడ కమానులు, రంగు పలకలు, గోడల నిండా నగిషీగా అల్లిన అరబ్బీ అక్షరాలు చూడటానికి ఇప్పుడు ప్రపంచమంతా వరస కడుతుంది. పెద్రో మేడకూ గగన్‌మహల్‌కూ సంబంధం ఏమీ లేదు. ఒకరి గురించి ఒకరికి తెలియదు. అయినా ఎండ దేశపు రాజులిద్దరూ నీడనూ గాలినీ పట్టి ఇచ్చే కమాను విలువను శత్రువు దగ్గరే నేర్చుకున్నారు.

రెండు చోట్లా తర్వాతి కథ మాత్రం ఒకటి కాదు. స్పెయిన్‌లో 1492లో గ్రనాడా పడిపోయింది. మతం మార్చుకున్న ముస్లింల వారసులను సైతం 1609లో మూడో ఫిలిప్ రాజు దేశం నుంచి వెళ్ళగొట్టమన్నాడు. అప్పటికి పోర్చుగల్ కూడా అతని కిందే ఉంది. గోవా మీదుగా మన వేంకటపతిరాయలకు ఉత్తరాలు రాయించిన రాజు అతడే. పెనుకొండ చుట్టూ యుద్ధాలు లేవని కాదు. కోటలు కూలాయి, గుళ్ళు దెబ్బతిన్నాయి, ఊళ్ళు దోపిడీకి గురయ్యాయి. అయితే ఇక్కడ కలిసినవాటిని ఎవరూ మళ్ళీ విడదీయలేదు. ఆ కలయిక కట్టడాల్లో మిగిలి, మనుషుల పేర్లలోకీ పండగల్లోకీ కూడా దిగింది.

దానికి గట్టి గుర్తు ఒక టోపీ. తిరుమల గుడిలో ఇద్దరు దేవేరుల నడుమ చేతులు జోడించి నిలబడ్డ కృష్ణదేవరాయల లోహ విగ్రహాన్ని చూసినవారందరికీ ఆయన తలమీది పొడవాటి టోపీ గుర్తుండే ఉంటుంది. అదే కుళ్ళాయి. పారశీకంలో కులాహ్ అనే మాట తెలుగు, కన్నడ నోళ్ళలో కుళ్ళాయి అయింది. దాంతోపాటు తొడిగే పొడుగు చేతుల అంగీ కబాయి. అది అరబ్బీ మాట. శ్రీనాథుడు కన్నడ రాజు కొలువులో కుళ్ళాయి పెట్టుకోవాల్సి వచ్చిందని వాపోయినట్టు ప్రచారంలో ఉన్న చాటుపద్యం తెలుగువారికి కొత్త కాదు. విజయనగరపు కొలువులో అడుగుపెట్టాలంటే ఆ వేషం కావాల్సిందే. తెలుగు, కన్నడ రాజులు హిందూ రాయ సురత్రాణ అని, అంటే హిందూ రాజుల్లో సుల్తాను అని, బిరుదు పెట్టుకున్న కాలమది. ఆ కొలువుకు పెద్దరికం అంటే దూరదేశాల మర్యాదలు కూడా తెలిసి ఉండటమే.

కుళ్ళాయిని రంగుల్లో చూడాలంటే పెనుకొండకు దక్షిణంగా, హిందూపురం దాటి లేపాక్షి పోవాలి. అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) పెనుకొండ కొలువు ఉద్యోగి విరూపణ్ణ, అతని తమ్ముడు వీరణ్ణ కూర్మశైలం అనే తాబేటి గుట్ట మీద వీరభద్ర ఆలయాన్ని కట్టించారు. మండపం కప్పు మీద తెల్లటి పొడుగు కుళ్ళాయిలు పెట్టుకుని, సన్నటి అంగీలు తొడిగి, ఆ అన్నదమ్ములు పరివారంతో దేవుడి ముందు నిలబడి ఉంటారు. పక్కనే ఆడవాళ్ళ చీరల అంచులు, పువ్వులు, గళ్ళు ఒకదానితో ఒకటి పోలకుండా వేశారు. ధర్మవరం పట్టు నేతగాళ్ళు, కలంకారీ పనివాళ్ళు ఇప్పటికీ ఆ అంచులను చూసి నమూనాలు తీసుకుంటారు. నేలకు పూర్తిగా ఆనని వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి, ఊరి మొదట్లోని ఏకశిలా నంది దగ్గర ఫోటో దిగి వెళ్ళిపోయేవారే ఎక్కువ. మెడ నొచ్చినా పది నిమిషాలు కప్పు వంక చూసినవారికే లేపాక్షి దక్కుతుంది. ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడన్న నింద పడి విరూపణ్ణ తన కళ్ళు తానే పెరుక్కున్నాడనీ, గోడ మీది ఎర్రటి మరకలు ఆ నెత్తురేననీ అక్కడివారు చూపిస్తారు. తిమ్మరుసు కళ్ళు, విరూపణ్ణ కళ్ళు: ఈ సీమ తన పెద్దవాళ్ళ కథలను ఇదే బాధతో చెప్పుకుంది.

తిరిగి పెనుకొండకు. ఊరి నడుమ రెండు రాతి గుళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి రాముడిది, ఒకటి శివుడిది. రాముడి గుడి గోడ మీద రామాయణం, కృష్ణలీలలు చెక్కారు, శివుడి గుడి మీద శివకథలు. రెండు గోడల మధ్య సందులో నిలబడితే వైష్ణవం ఓ భుజానికి, శైవం ఇంకో భుజానికి తగులుతాయి. పార్శ్వనాథ బసది వీటికన్నా పాతది. వెనుక పడగ విప్పిన పాము మెలికలు తిరుగుతూ దిగుతుండగా నిలుచున్న తీర్థంకరుడి విగ్రహం హొయసల పద్ధతిలో, నున్నగా మెరుస్తూ ఉంటుంది. జైనులు తమ నాలుగు విద్యాస్థానాలుగా చెప్పుకునే ఢిల్లీ, కొల్లాపురం, జినకంచి, పెనుకొండల వరుసలో ఈ చిన్న ఊరి పేరు ఉందంటే దాని పాత గౌరవం తెలుస్తుంది. షేర్‌ఖాన్ మసీదు రాతి కట్టడం. దాని అంచుల నగిషీ చూస్తే గుడి పని చేసిన ఉలే ఇక్కడా ఆడిందని అనిపిస్తుంది. గగన్‌మహల్‌లో రాజు మసీదు కమానును తెచ్చుకున్నట్టే, ఇక్కడ మసీదు గుడి రాతిపనిని తెచ్చుకుంది. యర్రమంచి గేటు దగ్గర 11 అడుగుల ఆంజనేయుడు కోటకు కావలి. పెనుకొండలో ఏడాదికి సరిపోను 365 గుళ్ళు ఉండేవని పెద్దలు చెప్పే మాట లెక్క కోసం కాదు, పాత వైభవాన్ని తలచుకోవడం కోసం. కొండెక్కే ఓపిక ఉన్నవారు పొద్దున్నే ఎక్కాలి. పైన నరసింహస్వామి గుడి, కూలిన బురుజులు, నీళ్ళ దొనలు ఉన్నాయి. తొమ్మిది దాటితే బండ కాలుతుంది.

ఎక్కువమంది జనం వచ్చేది మాత్రం రాజుల మేడకు కాదు, బాబయ్య దర్గాకు. బాబా ఫక్రుద్దీన్ పారశీక దేశపు సీస్తాన్ ప్రాంతంలో పుట్టి, తిరుచిరాపల్లి నత్తర్‌వలి దగ్గర శిష్యుడైనాడని దర్గా కథ. గురువు ఒక పుల్లను ఇచ్చి, దాన్ని రాత్రి నాటిన చోట పొద్దున చిగురిస్తే అక్కడే ఉండిపొమ్మన్నాడు. ఊరూరా నాటుకుంటూ వచ్చిన ఆ పుల్ల పెనుకొండలో చిగురు వేసింది. మోడు చిగురించిందన్న కథ కరువు సీమకు ఎంత దగ్గరిదో చెప్పనక్కరలేదు. వాన కోసం మొగులు చూసే జనానికి ఆ ఫకీరు బాబయ్య అయిపోయాడు. దూది ఏకే దూదేకులవారు ఆయన్ను కులగురువుగా కొలుస్తారు. హిందువుల ఇళ్ళలోనూ మొక్కుకుని పుట్టిన బిడ్డకు పక్కీరప్ప, పక్కీరమ్మ, బాబయ్య అని పేరు పెట్టడం సీమలో తరతరాల వాడుక. ఫకీరు అనే అరబ్బీ మాటకు అప్ప చేరిస్తే పక్కీరప్ప. గగన్‌మహల్ గోడలో జరిగిందే ఈ పేరులోనూ జరిగింది.

కుళ్ళాయి సైతం ఇలాగే దేవుడి పేరైంది. అనంతపురం జిల్లా నార్పల మండలంలోని గూగూడులో కుళ్ళాయిస్వామి పీరు ఉంది. మొహర్రం నెలలో ఆ చిన్న పల్లెకు లక్షల్లో జనం వస్తారు, వచ్చేవారిలో ఎక్కువమంది హిందువులు. చక్కెర చదివించుకుంటారు, ఉపవాసాలుంటారు, గుండం తొక్కుతారు, పీరు సవారి వస్తుంటే బిందెలతో నీళ్ళు పోసి మొక్కుతారు. పక్కనే ఆంజనేయుడి గుడికీ పోతారు. కుళ్ళాయప్ప, కుళ్ళాయమ్మ అన్న పేర్లు ఇక్కడివే. అఫ్సర్ మహమ్మద్ 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన పుస్తకంలో ఈ గూగూడు పీర్ల పండగనే పరిశోధించి, రెండు మతాల జనం ఒకే పీరును ఎలా తమవాడిగా చేసుకున్నారో వివరించాడు. రాయలు తలమీద పెట్టుకున్న టోపీ పేరును రైతు తన బిడ్డకు పెట్టుకున్నాడు. కొలువు సంస్కృతి ఊరి సంస్కృతి అయిన దారి ఇంత స్పష్టంగా కనిపించే చోట్లు తక్కువ.

17వ శతాబ్ది నడిమికి కోట బీజాపూరు చేతికి పోయింది. తర్వాత మరాఠా సర్దార్లు, హైదర్ అలీ, టిప్పు సుల్తాను, నిజాం వరసగా వచ్చారు. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. అలా ఇచ్చిన దత్తమండలాలకు మొదటి పెద్ద కలెక్టరు థామస్ మన్రో. 1882లో బళ్ళారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా చేశారు, పెనుకొండ సబ్ కలెక్టరు ఉండే ఊరైంది. పోయిన వైభవాన్ని పద్యంలో నిలబెట్టినవాడు పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990). పెనుకొండలో పెరిగి, పదిహేనేళ్ళయినా నిండకముందే పెనుగొండలక్ష్మి కావ్యం రాశాడు. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే పాఠ్యపుస్తకం తన పుస్తకమే. అప్పటి సబ్ కలెక్టరు భార్య పిట్ దొరసాని ఆయనకు ఇంగ్లీషు సాహిత్యం చెప్పింది. వైష్ణవ పండితుల ఇంటి పిల్లవాడికి దొరసాని షేక్‌స్పియర్ చెప్పడం ఆ ఊరి తీరుకు తగినట్టే ఉంది.

రాజుల కాలం పోయినా పెనుకొండ చుట్టూ చూడాల్సింది చాలా ఉంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేకతోలును అద్దంలా పలచన చేసి, చిల్లులు కొట్టి, రంగులద్ది రామరావణులను దీపం వెనుక ఆడిస్తారు. ఇంట్లో మరాఠీ మాట్లాడి తెలుగులో రామాయణం పాడే కుటుంబాలవి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. పొద్దున బస్టాండు దగ్గర హోటల్లో ఉగ్గాని తినాలి. బొరుగులు నీళ్ళలో ముంచి, పిండి, ఉల్లిగడ్డ పచ్చిమిరప తిరగమోతలో వేసి, పైన పప్పుల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ తప్పనిసరి. మధ్యాహ్నానికి రాగిసంకటి, చెనిక్కాయల ఊరిమిండి, పండగైతే ఓళిగలు. ఈ పళ్ళెంలో రాగి ఎప్పుడో పూర్వం ఆఫ్రికా నుంచి వచ్చింది. మిరప, చెనిక్కాయ అమెరికా ఖండాలవి, ఐరోపా ఓడలెక్కి సముద్రాలు దాటాయి. అమెరికా వర్తకానికి స్పెయిన్ రాజులు 1503లో తెరిచిన ఏకైక ద్వారం ఆ సెవిల్ నగరమే. ఇప్పుడు మిరప లేని సీమ వంటను, చెనిక్కాయ లేని అనంతపురం చేనును ఎవరూ తలచుకోలేరు.

పరదేశీయులు రావడం ఇప్పటికీ ఆగలేదు. యర్రమంచి దగ్గర కొరియా కంపెనీ కియా పెట్టిన కార్ల కర్మాగారం 2019 డిసెంబరు 5న లాంఛనంగా ప్రారంభమైంది. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల శక్తితో అది మొదలైంది. అది కొరియా మాట, కొరియా వంట పెనుకొండ సీమకు పరిచయం చేసింది.

బెంగళూరు జాతీయ రహదారి మీద పోయే వేల బండ్లు రోజూ ఈ కొండను పక్కనుంచి చూసి సాగిపోతాయి. ధర్మవరం, హిందూపురం నడుమ రైలు ఇక్కడ ఆగుతుంది, అనంతపురం నుంచి బస్సులకు కొదవ లేదు. దసరా తర్వాత ఎండ తగ్గిన నెలల్లో ఒక్క పూర్తి రోజు పెట్టుకుని రండి. పొద్దున కొండ, తర్వాత గగన్‌మహల్, జంట గుళ్ళు, బసది, షేర్‌ఖాన్ మసీదు, సాయంకాలం బాబయ్య దర్గా. గగన్‌మహల్ గచ్చు మీద ఇప్పటికే పేర్లు గీకారు. చూసి వెళ్ళేవారు ఆ గోడను మాత్రం ముట్టుకోకండి.